సేఫ్టీ ఎవరి కింద ఉండాలి? డెల్టాలో రైస్ మిల్లు నుంచి రొయ్యల ప్లాంటు దాకా ఏ ఏర్పాటు ఎవరికి నప్పుతుంది

భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ఏ రొయ్యల ప్లాంటు ఆఫీసులోకి వెళ్లినా గోడ మీద రెండు ఫ్రేములు కనబడతాయి. ఒకటి సేఫ్టీ పాలసీ. రెండోది ఎవరి కింద ఎవరు పనిచేస్తారో చూపించే చార్టు. వచ్చినవాళ్లంతా మొదటిది చదువుతారు, కానీ అసలు సంగతి రెండోదాంట్లో ఉంటుంది. సేఫ్టీ అని రాసిన గడి నుంచి గీత ఎవరి దగ్గరికి పోతోంది? ప్రొడక్షన్ మేనేజర్ దగ్గరికా, హెచ్ఆర్ దగ్గరికా, ఎండీ దగ్గరికా? హెల్మెట్లు, గ్లౌజులు, బోర్డులు ఎన్ని కొన్నా, రాత్రి రెండు గంటలకు పని ఆపాలా వద్దా అన్నది తేల్చేది ఆ గీతే.

ఐస్ ఫ్యాక్టరీ, రైస్ మిల్లు, మేత ఫ్యాక్టరీ, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, కొబ్బరి పీచు యూనిట్ నడిపేవాళ్లు సాధారణంగా ఎంచుకునే ఏర్పాట్లు నాలుగు. వాటిలో ఏది ఎక్కడ పనికొస్తుంది, ఏది ఎక్కడ చతికిలబడుతుంది అన్నదే ఇక్కడి విషయం.

ముందు తలకాయలు లెక్కపెట్టండి

ఏర్పాటు ఎంచుకునే ముందు మీరు చట్టం దృష్టిలో ఎంత పెద్దవాళ్లో తెలియాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి అయ్యేది మామూలుగా 1000 మంది దాటితే. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ దాన్ని 500కి దించింది. ప్రమాదకర ప్రక్రియలు ఉన్న ఫ్యాక్టరీ అయితే 250 చాలు. కరెంటుతో నడిచే యూనిట్ 20 మందితో, కరెంటు లేనిది 40 మందితో ఫ్యాక్టరీ లెక్కలోకి వస్తుంది.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది ఒక్క చోట. పేరోల్ మీద ఉన్నవాళ్లనే లెక్కేస్తారు. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన మనిషి కూడా కార్మికుడే. పాత చట్టమైతే యజమానికి తెలిసి పెట్టుకున్నా తెలియక పెట్టుకున్నా ఒకటే అని స్పష్టంగా రాసింది. జీతాల పట్టీలో 90 మంది ఉండి, మేస్త్రీ కింద 300 మంది ఆడవాళ్లు తలలు తీసే పీలింగ్ షెడ్డు లెక్క 390. అది చిన్న యూనిట్ కాదు.

ఇంకో మాట. కంపెనీ అయితే చట్టం అడిగే ఆక్యుపయర్, అంటే ఫ్యాక్టరీ మీద అంతిమ అదుపు ఉన్న మనిషి, ఒక డైరెక్టరే అయి ఉండాలని 1996లోనే సుప్రీంకోర్టు జేకే ఇండస్ట్రీస్ కేసులో తేల్చింది. మేనేజర్ పేరు రాసి డైరెక్టర్లు పక్కకు తప్పుకోవడం కుదరదు. కాబట్టి పని ఎవరికి అప్పజెప్పినా జవాబుదారీ మీ దగ్గరే మిగులుతుంది. ఏ ఏర్పాటు వల్ల మీకు నిజం తొందరగా తెలుస్తుందో అదే మీకు లాభం.

అంతా ఓనరే చూసుకోవడం

ఐస్ ఫ్యాక్టరీల్లో, చిన్న రైస్ మిల్లుల్లో ఇదే. 15 నుంచి 40 మంది. ఓనరు ప్రతిదీ కళ్లారా చూస్తాడు, ఆపమంటే ఆగుతుంది, కొనమంటే సాయంత్రానికి సరుకు వస్తుంది. ఈ వేగం పెద్ద ప్లాంటుకు ఎన్నటికీ రాదు. అందుకే చిన్న యూనిట్‌కు దీన్ని తీసిపారేయమని చెప్పం.

తేడా వచ్చేది ఓనరు ఊళ్లో లేని రోజున. ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా సిస్టం నుంచి ఆయిల్ తీసే పని చూడండి. కంప్రెసర్ ఆయిల్ కొంత అమ్మోనియాతో కలిసి పోయి రిసీవర్ (ద్రవ అమ్మోనియా నిలిచే ట్యాంకు) అడుగున చేరుతుంది, దాన్ని అప్పుడప్పుడు వదలాలి. చాలాచోట్ల అక్కడ మామూలు వాల్వ్ ఉంటుంది. ఆయిల్ చల్లబడి చిక్కగా ఉంటే ముందు ఏమీ రాదు. ఆపరేటర్ ఇంకాస్త తిప్పుతాడు. అడ్డం తొలగిన క్షణంలో ఆయిల్ వెనక అమ్మోనియా ఎగదన్నుకొస్తుంది, అప్పటికి వాల్వ్ పూర్తిగా తెరిచి ఉంటుంది. మూసేంత వ్యవధి ఉండదు. చేయి వదిలితే స్ప్రింగుతో దానంతటదే మూసుకునే వాల్వ్ ఒకటి పెట్టిస్తే ఈ గొడవ సగం పోతుంది. మిగతా సగం ఏర్పాటుది: ఆ పని ఒంటరిగా చేయొద్దని, రాత్రి పూట చేయొద్దని, మాస్క్ లేకుండా చేయొద్దని ఓనరు లేనప్పుడు చెప్పేది ఎవరు?

అమ్మోనియా గాలిలో 25 పీపీఎం (పది లక్షల భాగాల్లో 25) దాటితే ఎనిమిది గంటల షిఫ్టు చేయకూడదు. 300 దగ్గర ప్రాణాపాయం కింద లెక్క. వాసన తెలుస్తుంది కదా అని ధీమా పడతారు గానీ, రోజూ అదే గదిలో ఉండేవాడి ముక్కు అలవాటు పడిపోతుంది. పైగా అమ్మోనియా గాలికన్నా తేలికని చదువుకున్నవాళ్లు అది పైకి పోతుందనుకుంటారు. ద్రవం చిమ్మినప్పుడు వచ్చే చల్లటి మంచులాంటి మబ్బు నేలబారుగానే పాకుతుంది.

కాబట్టి ఈ ఏర్పాటులో ఉంటే కాగితం మీద ఒక్క పేరు అదనంగా రాయండి: ఓనరు లేనప్పుడు ఓనరంతటి మనిషి. ఫోను చేసి అడగకుండానే ప్లాంటు ఆపే హక్కు అతనిది. ఆపినందుకు ఎంత ఐస్ కరిగిపోయినా జీతంలో కోత ఉండదని అదే కాగితంలో ఉండాలి. రెండో వాక్యం లేకపోతే మొదటిది ఎవరూ నమ్మరు.

ప్రొడక్షన్ మేనేజర్ కింద సేఫ్టీ ఆఫీసర్

రొయ్యల ప్లాంట్లలో ఎక్కువగా కనబడేది ఇదే. కారణం కూడా సబబే అనిపిస్తుంది: ఫ్లోరు సంగతి ప్రొడక్షన్‌కే తెలుసు, రోజూ ఒకే చోట మాట్లాడుకుంటారు, ఖర్చు ఒకే బడ్జెట్‌లో పోతుంది. సరుకు తక్కువగా వచ్చే రోజుల్లో ఇబ్బందేమీ ఉండదు.

చెరువులన్నీ ఒక్కసారి పట్టుబడికి వచ్చి, కంటైనర్ రేపు పొద్దున్నే పోర్టుకు పోవాల్సిన రోజున చూడాలి దీని పస. ప్రొడక్షన్ మేనేజర్‌ను టన్నులతో కొలుస్తారు. సేఫ్టీ ఆఫీసర్ ఇంక్రిమెంట్ రాసేది ఆ మేనేజరే. ప్లేట్ ఫ్రీజర్ డోరు ఇంటర్‌లాక్ (తలుపు తెరిస్తే మెషిన్‌ను ఆపేసేది) పనిచేయడం లేదని ఆఫీసర్ రాసిచ్చినా, ఈ లోడు అయ్యాక చూద్దాం అని జవాబొస్తుంది. ఆ లోడు తర్వాత ఇంకో లోడు. మూడు నెలలయ్యాక ఆఫీసర్ రాయడమే మానేస్తాడు. త్రుటిలో తప్పిన ప్రమాదాల రిజిస్టర్ ఏడాదంతా ఖాళీగా ఉందంటే ప్లాంటు భద్రంగా ఉందని కాదు, రాసేవాడికి ధైర్యం లేదని.

హెచ్ఆర్ కింద పెడితే ఇంకా పలచన. ఐడీ కార్డులు, షూలు, శిక్షణ రిజిస్టర్లో సంతకాలు, ఆడిట్ వచ్చినప్పుడు ఫైళ్లు. మెషిన్ గదిలోకి అడుగు పెట్టే పనే ఉండదు. మా మాట అడిగితే, రెండింట్లో ఏదో ఒకటే దిక్కైతే ప్రొడక్షన్ కిందే నయం. కనీసం రోజూ ఫ్లోరు మీద ఉంటాడు.

నేరుగా ఎండీకి

గీత ఎండీ దగ్గరికి పోతే పై జబ్బు చాలావరకు కుదురుతుంది. ఇంటర్‌లాక్ సంగతి ఎండీ టేబుల్ మీదికి వస్తుంది, ఆపాలా వద్దా అన్నది ఆయనే తేల్చుకుంటాడు. తెలిసి కూడా నడిపించాడంటే ఆ సంతకం ఆయనదే.

దీని జబ్బు వేరు. షిఫ్టు సూపర్‌వైజర్లు సేఫ్టీని ఇంకెవరి పనో అనుకోవడం మొదలెడతారు. గార్డు తీసేసిన కన్వేయర్ పక్కనుంచి నడిచి వెళ్తూ కూడా, అది సేఫ్టీ సార్ చూసుకుంటారు అంటారు. సేఫ్టీ సార్ ఎంతసేపు ఉంటాడు? వారానికి గంటలు 168, అందులో ఆయన ఉండేది 48. మూడింట ఒక వంతు కూడా కాదు. మిగతా గంటల్లో ప్లాంటుకు సేఫ్టీ లేదన్నట్టే. పైగా ఆయన్ని చూడగానే గబగబా హెల్మెట్ తగిలించుకోవడం, ఆయన పోగానే తీసేయడం అలవాటవుతుంది. పోలీసు వచ్చినప్పుడే సీటు బెల్టు పెట్టుకున్నట్టు.

షిఫ్టు ఇన్‌ఛార్జిదే బాధ్యత, ఆఫీసర్ సలహాదారు

దీంట్లో గీతలు రెండు. ఏ షిఫ్టులో ఏం జరిగినా ఆ ఇన్‌ఛార్జి జవాబుదారీ. టన్నులెన్ని, వృథా ఎంత అన్నట్టే దెబ్బలెన్ని అన్నదీ అతని లెక్కే. సేఫ్టీ ఆఫీసర్ నేర్పుతాడు, తనిఖీ చేస్తాడు, ఎండీకి చెబుతాడు. ప్రమాదకరమైన కొన్ని పనులకు మాత్రం ఇద్దరి సంతకాలూ పడాలి.

ఖర్చు దీనికే ఎక్కువ. ప్రతి ఇన్‌ఛార్జికీ గ్యాస్ మీటర్ చూడటం, పర్మిట్ (ప్రమాదకరమైన పనికి ముందు ఇచ్చే రాతపూర్వక అనుమతి) రాయడం, వాల్వులకు, స్విచ్‌లకు లాక్ వేయడం చేతులతో చేయించి నేర్పాలి. నాలుగు షిఫ్టు ముఠాలున్న ప్లాంటులో ప్రొడక్షన్, మెయింటెనెన్స్, రిఫ్రిజిరేషన్ కలిపి 12 మంది దాకా తేలతారు. మనుషులు మారినప్పుడల్లా మళ్లీ నేర్పాలి. ఇంకో చిక్కు: ఆఫీసర్‌ను తీసేసి ఇన్‌ఛార్జులకే వదిలేస్తే ఖర్చు తగ్గుతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అప్పుడది మళ్లీ రెండో ఏర్పాటే అవుతుంది, పేరు మారుతుంది అంతే.

బయటి కన్సల్టెంట్‌ను నెలకోసారి రప్పించుకోవడం అసలు ఏర్పాటే కాదు. భద్రతా ఆడిట్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 14489 ప్రకారం ఆడిట్‌కు, శిక్షణకు, అమెరికా కొనుగోలుదారులు అడిగే బీఏపీ (బెస్ట్ ఆక్వాకల్చర్ ప్రాక్టీసెస్) ఆడిట్‌కు సిద్ధం కావడానికి అతను పనికొస్తాడు. రాత్రి పని ఆపడానికి అతను అక్కడ ఉండడు.

ఒకే పనిని నాలుగు ఏర్పాట్లలోనూ నడిపి చూద్దాం

డెల్టాలో ఈ పోలికకు వ్యర్థజలాల ట్యాంకు కన్నా సరైన ఉదాహరణ లేదు. 2017 మార్చి 30న మొగల్తూరు మండలంలో ఒక ఆక్వా ప్లాంటు వ్యర్థాల ట్యాంకు దగ్గర విషవాయువుకు ఐదుగురు చనిపోయారు. 2023 ఫిబ్రవరి 9న పెద్దాపురం మండలం జి.రాగంపేటలో నూనె ట్యాంకు శుభ్రం చేస్తూ ఏడుగురు పోయారు. ఇలాంటి చోట్ల ఒక్కరితో ఆగదు. ట్యాంకుల్లాంటి మూసి ఉన్న ఇరుకు చోట్ల చనిపోయినవాళ్లలో సగానికి పైగా, ముందు పడిపోయినవాణ్ణి కాపాడబోయి దిగినవాళ్లేనని అమెరికాలో వృత్తి భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ 1986లోనే చెప్పింది.

రొయ్యల తలలు, పెంకుల నీళ్లు గాలి తగలకుండా కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. గాలికన్నా బరువు, అడుగునే ఉంటుంది. కొంచెం ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు కంపు. 100 పీపీఎం దగ్గర ముక్కు మొద్దుబారి కంపే తెలియదు. దిగినవాడు కంపు పోయింది అనుకుంటాడు. 500 దాటితే నిమిషాల్లో కూలిపోతాడు. అన్నిటికన్నా మోసం అడుగు బురద: గ్యాస్ అందులో బుడగలుగా చిక్కుకుని ఉంటుంది, కాలు పెట్టి కదిపినప్పుడు పైకి వస్తుంది. పైనుంచి మీటర్ పెట్టి చూసి బాగుంది అనడం అందుకే చాలదు.

పని సరిగా జరిగితే ఇలా ఉంటుంది. లోపలికి వచ్చే లైన్ల వాల్వులు మూసి తాళం వేసి, తాళంచెవి దిగేవాడి జేబులో పెట్టాలి. నీళ్లు తోడేయాలి. బ్లోయర్ గొట్టం అడుగు దాకా దించి గాలి కొట్టాలి. 5 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 లోతు ట్యాంకంటే 60 ఘనమీటర్లు. గంటకు 1200 ఘనమీటర్ల బ్లోయర్ అయితే మూడు నిమిషాలకోసారి లోపలి గాలి మారే లెక్క, అరగంటలో పదిసార్లు. తర్వాత పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా మీటర్ దించాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎంకు తక్కువ ఉండాలి, మండే గ్యాస్ అంటుకునే హద్దులో పదో వంతు దాటకూడదు. దిగాక కూడా మీటర్ ఒంటి మీదే ఉండాలి, బ్లోయర్ ఆగకూడదు. హార్నెస్ తాడు పైన ట్రైపాడ్‌కు కట్టి ఉండాలి. లైటు 24 వోల్టులకు మించకూడదు. పైన నిలబడేవాడు ఏం జరిగినా దిగకూడదు, హ్యాండిల్ తిప్పి పైకి లాగడమే అతని పని.

ఇప్పుడు ఇదే పని ఆదివారం ఉదయం వచ్చిందనుకోండి. ఓనరే అన్నీ చూసుకునే చోట ఆయన ఉంటే బ్లోయర్ అద్దెకు వస్తుంది, లేకపోతే బకెట్, నిచ్చెన. ప్రొడక్షన్ కింద ఉన్న చోట పర్మిట్ పుస్తకం ఉంటుంది, కానీ సోమవారం పొద్దున్న లైను నడవాలి కాబట్టి దిగాక సంతకం పెడతారు. గళ్లన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నిండిన పర్మిట్ కనబడితే అనుమానించండి. గ్యాస్ రీడింగ్ గడిలో అంకె బదులు ఓకే అని రాసి ఉంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు. ఎండీ కింద ఉన్న చోట ఆదివారం ఆఫీసర్‌కు సెలవు. బుద్ధిమంతులైతే సోమవారం దాకా ఆగుతారు, లేకపోతే ఆయన లేడు కదా అని కానిచ్చేస్తారు. నాలుగో ఏర్పాటులో షిఫ్టు ఇన్‌ఛార్జి రాస్తాడు, మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి వాల్వులు తాళం వేసి సంతకం పెడతాడు, ఆఫీసర్ వచ్చి మీటర్ చూసి రెండో సంతకం పెడితేనే మూత తెరుస్తారు. ఆయన రాలేకపోతే పని వాయిదా, దానికి ఎవర్నీ అడగక్కర్లేదు. నాలుగోదాన్ని మేం మెచ్చుకునేది ఈ చివరి వాక్యం కోసమే.

చార్టులో లేని మనిషి

రైస్ మిల్లుకు వెళితే కథ మారుతుంది. సార్వా ధాన్యం దిగే నవంబరు, డిసెంబరుల్లో, మళ్లీ దాళ్వా వచ్చే ఏప్రిల్, మే నెలల్లో మిల్లు తెల్లవార్లూ నడుస్తుంది. బస్తాలు దించేది హమాలీ ముఠా. 75 కిలోల బస్తా, కూలి బస్తా లెక్కన. వాళ్లు వినేది మిల్లు మేనేజర్ మాట కాదు, ముఠా మేస్త్రీ మాట. బస్తాల నెట్టు పక్కకు ఒరిగిందని మేనేజర్ ఆపమంటే అరగంట కూలి పోతుంది. ఆ అరగంటకు డబ్బులు ఎవరిస్తారో ముందే ఒప్పందంలో లేకపోతే ఏ చార్టూ వాళ్లను ఆపలేదు.

అందుకని మేస్త్రీని చార్టులోకి తీసుకురండి. ఒప్పందంలో రాయాల్సినవి మూడే: మిల్లు ఆపమన్న సమయానికి కూలి ఉంటుంది, కొత్త మనిషిని దింపే ముందు ఎలివేటర్ గుంట, బెల్టులు, ఊక గది చూపించాలి, ఎలివేటర్ గుంటలోకి ఎవరు దిగాలన్నా మిల్లు యంత్రాలు నడిపే డ్రైవర్ ఫ్యూజులు తీసి జేబులో వేసుకోవాలి. బాయిలర్ ఫైర్‌మ్యాన్ సంగతి విడిగా చూడండి. నీటి మట్టం గాజులో కనబడకపోతే నిప్పు లాగేయడానికి అతను ఎవరి అనుమతీ అడక్కూడదు. ఎర్రగా కాలిన గొట్టాల మీద చల్లటి నీళ్లు పంపిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు, ఒత్తిడి పెట్టే మేనేజర్‌కు తెలియకపోవచ్చు.

ఒడిశా, బిహార్, అస్సాం నుంచి వచ్చినవాళ్లు ఉన్న ప్లాంటులో తెలుగు బోర్డు ఒక్కటీ చాలదు. ఆపు అనే సంజ్ఞ అందరికీ ఒకటే ఉండేలా రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టడం లాంటిది ఒకటి ఖాయం చేసుకుని మొదటి రోజే నేర్పండి.

కమిటీ ఎంతవరకు

యజమాని మనుషులు, కార్మికులు కలిసి కూర్చునే సేఫ్టీ కమిటీ పై నాలుగింటికీ బదులు కాదు, వాటి పక్కన నడిచేది. కార్మికుల తరఫువాళ్లు యాజమాన్యం తరఫువాళ్ల కన్నా తక్కువ ఉండకూడదు. పీలింగ్ హాలులో నూటికి తొంభై మంది ఆడవాళ్లై, కమిటీలో ఒక్క ఆడమనిషీ లేకపోతే క్లోరిన్ నీళ్లలో చేతులు పుళ్లు పడటం, మంచు నేల మీద గంటల తరబడి నిలబడటం, జారిపడటం ఎప్పటికీ మినిట్స్‌లోకి రావు. టీ, బిస్కెట్లతో ముగిసే కమిటీని గుర్తుపట్టడం తేలిక: పోయిన మీటింగులో ఒప్పుకున్న పని, దాని తేదీ, చేయాల్సినవాడి పేరు కొత్త మినిట్స్ మొదటి పేజీలో ఉండవు. కుర్చీలో ఖర్చు మంజూరు చేయగలిగినవాడే కూర్చోవాలి. పైవాళ్లను అడిగి చెబుతాననేవాడు అధ్యక్షుడైతే రెండో మీటింగుకే జనం తగ్గిపోతారు.

మీకు ఏది

40 మంది లోపు ఐస్ ఫ్యాక్టరీకి, మిల్లుకు ఓనరు ఏర్పాటే ఉంచుకోండి, రెండో పేరు రాయండి, ఆయిల్ వాల్వ్ మార్పించండి. ఆఫీసర్‌ను పెట్టుకోవడం డబ్బు దండగ. నెలకోసారి బయటి మనిషి వచ్చి చూసినా చాలు.

50 నుంచి 250 మధ్య ఉన్నవాళ్లకే అసలు తికమక. చట్టం ఆఫీసర్‌ను అడగదు, ఓనరు కన్ను ఆనదు. ఇక్కడ నాలుగో ఏర్పాటును చిన్నది చేసి వాడండి: షిఫ్టు ఇన్‌ఛార్జుల్లో ఒకరికి సగం సమయం సేఫ్టీకి కేటాయించి, ఆ సగానికి మాత్రం ఎండీకే జవాబు చెప్పేలా రాయండి. సగం సమయం అంటే వారంలో ఏ రోజులో కూడా రాయాలి, లేకపోతే సీజన్‌లో ఆ సగం మాయమవుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు మూడు మిల్లులు కలిసి ఒక ఆఫీసర్‌ను పెట్టుకోవడం కూడా నడుస్తుంది, గ్యాస్ మీటర్, ట్రైపాడ్ కూడా ఉమ్మడిగా కొనుక్కోవచ్చు.

250 దాటి అమ్మోనియా, వ్యర్థజలాల ట్యాంకు ఉన్న రొయ్యల ప్లాంటుకు నాలుగోదే. ఇప్పటికే ప్రొడక్షన్ కింద ఆఫీసర్ ఉంటే ఒక్కసారిగా మార్చకండి. ముందు అతని ఇంక్రిమెంట్ రాసే పని ఎండీకి మార్చండి, తర్వాత ఎవర్నీ అడగకుండా ఖర్చు పెట్టే మొత్తం ఒకటి ఖాయం చేయండి. నెలకు 25 వేలు చాలు మొదట్లో. గ్యాస్ మీటర్ సెన్సార్, హార్నెస్, తాళాలు లాంటివాటికి ఇండెంట్ పెట్టి నెల ఆగే అవసరం ఉండదు. ఆ రెండూ కుదిరాక ఇన్‌ఛార్జుల శిక్షణ. ఇది సీజన్ మధ్యలో మొదలెడితే మొదటి వారమే ఆగిపోతుంది. సరుకు పలచబడే నెలల్లో మొదలెట్టండి.

ఏది ఎంచుకున్నా ఒక పరీక్ష పెట్టుకోండి. రాత్రి షిఫ్టులో చెప్పకుండా వెళ్లి అట్టడుగు మనిషిని, అంటే మేస్త్రీ కింద పనిచేసే ఆడమనిషినో, కొత్తగా వచ్చిన ఒడియా కుర్రాణ్ణో అడగండి: ఇప్పుడు అమ్మోనియా వాసన గట్టిగా వస్తే ఎవరికి చెబుతావు, ఎటు పరిగెత్తుతావు? చేతితో చూపించిన దిక్కు గాలికి ఎదురుగానో అడ్డంగానో ఉండి, చెప్పిన పేరు ఆ షిఫ్టులో అప్పుడు ఉన్న మనిషిదే అయితే ఏర్పాటు నడుస్తోంది. పగటి షిఫ్టు ఆఫీసర్ పేరు చెబితే చార్టు మళ్లీ గీయాలి.